తాతయ్య మంచులో నడిచిన ఆదివారం

నా చిన్నప్పుడు జెర్సీ సిటీలో మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత గుడి లేదు. అమెరికన్ల చర్చి బేస్‌మెంట్ అద్దెకు తీసుకుని, బూట్లు తలుపు బయట విడిచి, కింద కూర్చుని ఆరాధన చేసుకునేవాళ్లం. నా నీడను కూడా నమ్మని పిల్లను నేను. అందుకే కొత్త స్నోబూట్లను అందరి బూట్లలో కలపకుండా, మూలనున్న పెట్టె పక్కన దాచాను.

ఆరాధన అయ్యాక చూస్తే అవి లేవు. ఆ నెలే గుంటూరు నుంచి వచ్చిన ఒక అక్క ప్రసంగం మధ్యలో బయటికి వెళ్లొచ్చింది. నాకు అంతే చాలింది. పిల్లలందరం ఆమెను చుట్టుముట్టాం. బ్యాగ్ బోర్లించమన్నాం, కోటు విప్పి దులపమన్నాం. అప్పుడే తొడుక్కున్న బూట్లూ విప్పించాను. ఆమె వట్టికాళ్లతో ఏడుస్తుంటే కొందరు నవ్వారు. నేనూ నవ్వాను.

మా తాతయ్య అది చూశారు. తన కోటు, బూట్లు, మేజోళ్లు తీసి నా చేతికిచ్చి, అందరూ చూస్తుండగా కారు దాకా మంచులో నడిచారు. నన్ను దారికి తేవడానికి ఆడే నాటకమేమోనని ఆయన్నీ అనుమానించాను.

కార్‌లో కూర్చున్నాక చెప్పారు. "బైబిల్లో యెషయా ప్రవక్త మూడేళ్లు ఇలాగే తిరిగాడమ్మా, ఒంటిమీద బట్టయినా లేకుండా. ఐగుప్తు, కూషు దేశాల వాళ్లని అష్షూరు రాజు చెరపట్టి ఎలా నడిపించుకుపోతాడో ముందే చూపించాడు. వాళ్లేమీ ఆయన సొంత జనం కాదు, అయినా వాళ్ల సిగ్గు తను మోశాడు. ఇందాక ఆ పిల్లని మీరు ఆ బందీల్లాగే నిలబెట్టారు."

"తనే తీసుంటే, తాతయ్యా?"

"తీసినా సరే."

ఆయన పాదాలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

మరుసటి ఆదివారం చర్చి శుభ్రం చేసే పెద్దాయన నా బూట్లు తెచ్చిచ్చాడు. నేను దాచిన చోట ఉన్నది పేదలకిచ్చే బట్టల పెట్టె. ఎవరో దానంగా పెట్టారనుకుని అందులో వేశాడట. సిగ్గుతో చచ్చిపోయాను. అందరి ముందూ అక్కకి సారీ చెప్పాను. "ఇట్స్ ఓకేలే" అంది. కానీ అప్పటినుంచి ఆమె బ్యాగ్ జిప్ తీసి, లోపలివన్నీ కనపడేలా ముందు పెట్టుకుని కూర్చునేది. ఎవరూ అడగకుండానే.

ఇప్పుడు షాంటిలీ అనే ఊళ్లో ఉంటున్నాను, తల నెరిసింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగానీ పోదు, అనుమానం ఇంకా వస్తూనే ఉంటుంది. ఎవరి మీదికీ వేలు మాత్రం లేవదు. మేం జెర్సీ సిటీలో ఉన్నన్నాళ్లూ, అక్క జిప్ మూసుకుని కూర్చున్న ఆదివారం నేను ఒక్కటీ చూడలేదు.