పెద్దమ్మకు నేను అంటగట్టిన జబ్బు

మా వంశంలో సైకాలజీ చదివిన మొదటివాణ్ణి నేనే. చదివానంటే బీఎడ్‌లో ఒక పేపరు, అదీ పరీక్షకు వారం ముందు గైడు తెచ్చుకుని. పాసయ్యానని తెలిసిన రోజు అందరికంటే ఎక్కువగా బిత్తరపోయింది నేనే. కానీ వరంగల్ బజారులో కిరాణా కొట్టు నడుపుకునే ఇంట్లో ఆ మాత్రం చాలు. ఎవరి పిల్లవాడు అన్నం తినకపోయినా, ఎవరి కోడలు మూతి ముడుచుకున్నా, "మన సారునడుగున్రి" అనేవారు. నేను కళ్ళద్దాలు తుడుచుకుని "డిప్రెషన్" అనేవాణ్ణి. నాకు తెలిసిన జబ్బు అదొక్కటే మరి.

దుకాణం మా పెద్దబాపుది, నాన్నకు అన్న. నన్ను చదివించింది ఆయనే. హన్మకొండలో నేనిప్పుడు పాఠాలు చెప్పే స్కూల్లో ఒక మాట వేసి ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. పోయిన ఏడాది ఆయనకు మోకాలి ఆపరేషన్ అయి నాలుగు నెలలు మంచం దిగలేదు. కొడుకులిద్దరికీ గోదాము పనితోనే సరిపోయేది. అందుకని గల్లా దగ్గర పెద్దమ్మ కూర్చుంది. కింద దుకాణం, మేడ మీద ఇల్లు. అప్పటిదాకా ఆమె కిందికి దిగిందల్లా టీ ఫ్లాస్కు అందియ్యడానికే.

ఇంట్లో చేటలో పోసి చూసినట్టే దుకాణంలోనూ సరుకు చూసేది. తొర్రూరు నుంచి వచ్చిన ఒకామె ఐదు కిలోల కందిపప్పు అడిగితే, సంచిలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి వాసన చూసి, "ఇది పోయినేటిది బిడ్డా. ఎంత మంట వెట్టినా ఉడకది. పెసరుపప్పు తీస్కపో, అది కొత్తది" అంది. జనానికి ఇది తెగ నచ్చింది. ధర్మాత్మురాలు అన్నారు. "ఆమె చెయ్యి మంచిదిరా" అని మంచంలోంచి పెద్దబాపు కూడా మురిశాడు. నేనైతే స్టాఫ్ రూములో మా పెద్దమ్మది కస్టమర్ సైకాలజీ అని లెక్చరు దంచాను. నా మొహం!

పెద్దబాపు లేచి మళ్ళీ గల్లా మీదికి వచ్చాక మొదలైంది గొడవ. పెద్దమ్మ మేడ ఎక్కలేదు. పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఒక శుక్రవారం పొద్దున, ఊదుబత్తి ఇంకా వెలుగుతుండగానే మొదటి గిరాకీ వచ్చింది. బజారులో బోణీ అంటే మాటలా! మొదట వచ్చిన మనిషి పావుకిలో ఉప్పయినా కొనకుండా మెట్టు దిగకూడదు. దిగితే ఆ పూటకు షట్టరు దించుకోవడమే నయమనుకుంటారు. అట్లాంటి బోణీ గిరాకీతో పెద్దమ్మ అంది: "మా కందిపప్పుకు పురుగు వట్టింది కొడుకా. ఎదురు దుకాణంల కొత్త మాల్ దిగింది, అక్కడికి పో."

అతను నిజంగానే ఎదురు దుకాణానికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికల్లా బజారంతా తేల్చేసింది, ఆమెకు మతి చలించిందని. ఎదురు దుకాణం ఆయన కూడా, మా బోణీ తన గల్లాలో వేసుకుని మరీ వచ్చి, "పాపం, చెల్లెను జర మంచి దవాఖానల జూపియ్యన్రి" అని తల ఊపి వెళ్ళాడు. నాలుగు నెలలు ధర్మం అనిపించుకున్న మాటే, గల్లా మీద మనిషి మారేసరికి పిచ్చి అయింది. ఈ ముక్క నాకిప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నా చదువుకు ఇన్నాళ్ళకు పని దొరికిందని లోపల్లోపల ఎగిరి గంతేశాను. సిగ్గులేని సంతోషం అది.

డాక్టరుకు చూపించడానికి ఒక తెల్లకాగితం మీద 'లక్షణాలు' అని రాసి, కింద ఎర్ర పెన్నుతో గీత కొట్టాను. తెల్లవారుజామున నాలుగింటికే లేస్తుంది అని రాశాను. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ అప్పుడే లేస్తోంది, ఆమె లేవకపోతే మాలో ఒక్కడికీ టీ లేదు. ఒంటరిగా మాట్లాడుకుంటుంది అని రాశాను. ఆ ఇంట్లో ఆమె మాట విన్నవాడెవడు గనక? కారణం లేకుండా నవ్వుతుంది అని కూడా రాశాను. కారణం ఉండేది. చాలాసార్లు అది నేనే.

హన్మకొండలో డాక్టరు దగ్గరికి పెద్దబాపు, నేను, పెద్దమ్మ ఆటోలో వెళ్ళాం. పెళ్ళికి వెళ్తున్నట్టు గంజి పెట్టిన చీర కట్టుకుంది. డాక్టరు మర్యాదస్థుడే. "ఏం తకలీఫమ్మా?" అని ఆమెనే అడిగాడు.

"నాకేం లేదు సార్. పురుగు వట్టిన పప్పును పురుగు వట్టిందంటున్న. గంతే."

"జబ్బున్నట్టే తెలుస్తలేదు సార్ ఆమెకు" అన్నాను నేను. గైడులో ఉన్న వాక్యం అది. అప్పజెప్పాను.

డాక్టరు నా కాగితం పక్కన పెట్టి నావైపు తిరిగాడు. "చదువుకున్నోళ్ళు, మీరు చెప్పండి. ఆ పప్పు నిజంగా పాడైందా?"

గది చల్లగా ఉంది. పెద్దబాపు మోకాలు నా మోకాలికి ఆనుకుని ఉంది. ఆయన నావైపు చూడలేదు, చూడాల్సిన పని కూడా లేదు. ముందురోజే ఆ సంచి నేను కళ్ళారా చూశాను. పప్పు మీద పురుగులు పాకుతున్నాయి. ఔను అని ఒక్క ముక్క అంటే చాలు, నలుగురం కలిసి నవ్వుకుని, ఆమెను తీసుకుని ఇంటికి వచ్చేసేవాళ్ళం.

"లేదు సార్. మా దగ్గర పాత మాల్ ఉండదు" అన్నాను.

పెద్దమ్మ నన్ను చూసింది. కోపంగా కాదు. కోపంగా చూసి ఉంటే నాకిప్పుడు కాస్త నిద్ర పట్టేదేమో. లేని పురుగులు కనిపిస్తున్నాయని డాక్టరు ఏదో రాసుకుని, పొద్దున ఒకటి, రాత్రి రెండు గోలీలు రాశాడు. ఆయన్ని ఏమనగలను? ఆయన నమ్మింది నన్ను.

గోలీలతో పెద్దమ్మ పగలంతా తూగుతూ ఉంటోంది. దుకాణంలోకి దిగడం లేదు. చేట పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి. ఇంట్లో అందరూ "ఇప్పుడు నిమ్మలంగున్నది" అని సంతోషపడుతున్నారు. చుట్టాల్లో నా పరపతి మరీ పెరిగిపోయింది. మడికొండ నుంచి ఒకాయన, వాళ్ళ బామ్మర్దికి ఏమైందో చెప్పమని ఫోన్ కూడా చేశాడు. ఛీ, నా బతుకు!

మొన్న ఆదివారం ఇక తట్టుకోలేక మేడ ఎక్కాను. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. నేను కింద చతికిలబడి, బళ్ళో తప్పు చేసిన పిల్లాడిలా గడగడా చెప్పేశాను.

"పెద్దమ్మా, ఆ నాడు డాక్టరు ముంగట అబద్ధం చెప్పిన. పప్పుకు పురుగు వట్టింది నిజమే. నీకే జబ్బు లేదు."

"నాకెర్కనే గదరా" అంది. మాట ముద్దముద్దగా వచ్చింది.

ఏడుపు ఆగలేదు నాకు. "ఇప్పుడే కిందికి పోయి పెద్దబాపుకు చెప్త. అందరి ముంగట్నే చెప్త" అని లేచాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. వణుకుతున్న చెయ్యి, అయినా గట్టిగానే పట్టుకుంది.

"చెప్పకు బిడ్డా. నీక్కూడ గోలీలు రాస్తరు. నీ పిల్లలింకా చిన్నోళ్ళు."

కళ్ళు తుడుచుకుని మెట్లు దిగాను. గల్లా మీద కూర్చున్న పెద్దబాపు తల ఎత్తి, "ఎట్లున్నదిరా మీ పెద్దమ్మ?" అని అడిగాడు.

"మంచిగున్నది పెద్దబాపూ" అన్నాను. "గోలీలు మంచిగ పనిజేస్తానయ్."