తాగని చెంబు

నర్సుగా కొత్తగా చేరి, డుంబ్రిగుడ పక్క కొండ ఊళ్లు తిరుగుతున్న రోజులవి. ఒక ఊళ్లో పిల్లలు విరేచనాలతో పడిపోతుంటే, అందరూ తాగే ఊటనీళ్లు పరీక్ష సీసాలో పట్టి ఉంచాను. మర్నాటికి నల్లబడ్డాయి.

ఆ సీసా పట్టుకుని, ఈమధ్యే కూతుర్ని పోగొట్టుకున్న బుద్రి ఇంటికి వెళ్లాను. వచ్చినవాళ్లకు ముందు నీళ్లివ్వడం వాళ్ల మర్యాద. చెంబు నా చేతిలో పెట్టింది.

"నల్లబడితే నీళ్లు చెడ్డట్టే బుద్రీ" అన్నాను.

ఆమె సీసా అందుకుని చూసింది.

"బోరునీలు తుప్పు కంపని మానేసినాను. రోగాలు రాకూడదని నాటుమందు అరగదీసి, ఈ ఊటనీలతోనే పట్టినానమ్మా నా కూతురుగుంటకి."

ఆమె నా చేతిలో చెంబు లాక్కుని వాకిట్లో ఒంపేసింది.

"నువ్వు తాగకమ్మా" అంది.

ఎన్నో ఇళ్లలో నీళ్లు తాగాను. ఆ రోజు తాగని చెంబే ఇప్పటికీ గొంతుకు అడ్డం పడుతుంది.