పెట్టెకు నీళ్లు, ఇంజనుకు గంజి

సిరిసిల్ల నుంచి కోరుట్ల దాకా, దారి పొడవునా రాస్తారోకోలు నడుస్తున్న రోజుల్లో, నా పాత పికప్‌ను ఎక్కడా ఆపకుండా, టెంపరేచర్ ముల్లు ఎర్రగీతను ముట్టకుండా నడిపిన మనిషిని నేనొక్కడినే. పొద్దు ఉండగానే చేరాను. కోరుట్ల బస్టాండు దగ్గర చాయ్ తాగే ఎవరినైనా అడగండి, ఇదే చెబుతారు. వాళ్లకు చెప్పింది నేనే కాబట్టి.

మిలిటరీ నుంచి రిటైరై వచ్చాక నేను చేసిన డ్యూటీ అదొక్కటే. ఆ డ్యూటీ మొదలైంది జగిత్యాలలో. తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోలు దాటడం లేదు. బడులకు తాళాలు. బొగ్గు బాయిల్లోనూ సమ్మె, అందుకే కరెంటు వచ్చేదాకా నమ్మకం లేదు. వానలు వెనకపట్టి ఎండ మళ్లీ ముదిరింది. ఉదయం తొమ్మిదికే బానెట్ మీద చెయ్యి ఆనించలేం. రేడియేటర్లు బాగుచేసే ఉస్తాద్ షెడ్డు ముందు బండి నిలిపాను.

నన్ను అక్కడికి పంపిన ఆఫీసరు మా వాడకట్టు సుజాత. ఆమె భర్త రాజేశం గల్ఫ్‌లో పనిచేసే చోట పడి చనిపోయాడు. శవం పెట్టె హైదరాబాద్ చేరబోతోంది. అక్కడ మాట్లాడుకున్న వ్యాను డ్రైవరు సిరిసిల్ల దాటి రానన్నాడు, అద్దాలు పగులుతాయని భయం. జీపులవాళ్లను అడిగింది. ఎవరూ కదలలేదు. చివరికి నా దగ్గరికి వచ్చింది.

"మామా, ఐదేండ్లాయె ఆయన పోయి. పోయేనాడు బిడ్డ పాలు తాగుతుండె. దానికి బాపు అంటె ఫోన్ల గొంతే. పొద్దు మునగకముందే తేవాలె. ఒక్కపారి మొఖం జూపిస్త."

ఆర్డరు అంతే. సిరిసిల్లలో పెట్టె ఎక్కించుకోవాలి. వెలుతురు ఉండగా కోరుట్ల చేరాలి. ఆరేండ్ల పిల్ల తండ్రి ముఖం చూడాలి.

నా పికప్ నాకంటే పదేండ్లే చిన్నది. గుండ్రటి లైట్లు, ఇనుప బాడీ. దానికి ఒక్కటే రోగం. ఉరికితే చల్లగా ఉంటుంది, నడిస్తే కాగుతుంది. ఊరేగింపుల వెనక మనిషి నడకతో పోవాలంటే రేడియేటర్‌కు గాలి తగలదు. నీళ్లు మరుగుతాయి. ఇంజను పట్టేస్తుంది.

ఉస్తాద్ రేడియేటర్‌లోకి తొంగి చూసి నాలుక చప్పరించాడు.

"ఫౌజీ సాబ్, రెండే వరసల గొట్టాలున్నయ్. లారీది నాలుగు వరసల కోర్ అతికిస్త. ఇంజనుతోని తిరిగే ఫ్యాను తీసేస్త. కారుది కరెంటు ఫ్యాను పెడ్త. బండి నిలవడ్డా అది తిరుగుతనే ఉంటది. సుట్టూ రేకు డొప్ప కడ్త, గాలి పక్కకు పోకుంట."

"కట్టు. రాజస్థాన్ ఎడారిల యుద్ధ ట్యాంకులకు నేనే కూలింగ్ జేసేది. గిది నాకొక లెక్కనా?"

"అచ్ఛా. మరి గీ కింది హోస్ పైపు మెత్తవడ్డది. మార్సాల్నా?"

"అది మిలిట్రీ పైపు. నీకన్న గట్టిగుంటది."

ఉస్తాద్ నవ్వలేదు. గ్యాస్ టార్చి వెలిగించి కోర్ అతికించడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి పని అయింది.

రాజస్థాన్ సంగతి ఇక్కడే తేల్చేస్తాను. అక్కడ నేను తోలింది నీళ్ల బండి. యుద్ధ ట్యాంకును దూరం నుంచి చూశాను, దాని రేడియేటర్ ఎటువైపు ఉంటుందో ఇప్పటికీ తెలియదు.

మర్నాడు ఉదయం ఆరింటికి కోరుట్లలో బయలుదేరాం. బండిలో సామాను: నీళ్ల డబ్బాలు రెండు, టార్పాలిన్, తాళ్లు, గోనెసంచులు, పానాల సంచి, పాత సైకిల్ ట్యూబు. అద్దం మీద సున్నంతో జై తెలంగాణ అని రాశాను. పక్క సీట్లో సుజాత, ఒళ్లో సెల్‌ఫోన్. సిగ్నల్స్ డ్యూటీ ఆమెది.

వేములవాడలో ఊరేగింపు అడ్డం వచ్చింది. దాని వెనక పావుగంట పాకాం. ముల్లు లేచింది. స్విచ్ వేశాను. ఫ్యాను గుయ్యిమంది. ముల్లు సగంలో ఆగి, మెల్లగా కిందికి దిగింది. ఇందులో కల్పన లేదు. ఆ నిమిషంలో నన్ను మించిన మెకానిక్ ఈ భూమ్మీద లేడనుకున్నాను.

సిరిసిల్లలో చప్పుడు లేదు. సాంచాల షెడ్లు వరుసగా ఉన్నాయి, ఒక్క మరమగ్గమూ ఆడటం లేదు. ఆ ఊరు ఎప్పుడూ టకటకమంటూనే ఉంటుంది. ఆ రోజు కాకి అరుపు కూడా వినిపించింది. వ్యాను మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చింది. మూసి ఉన్న షెడ్డు నీడలో పెట్టె దించి, సంతకాలు చేయించుకుని, డ్రైవరు వెంటనే తిరిగిపోయాడు. పెట్టె నేను అనుకున్నదానికంటే పొడుగు. లోపల రేకు, పైన చెక్క. మూత మీద నల్లరంగుతో ఇంగ్లీషులో పేరు.

సాంచాల పని చేసే ఆరుగురు ముందుకొచ్చారు. నినాదం లేదు. చెప్పులు విప్పి పెట్టె ఎత్తారు. వాళ్లలో పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, ఎండ కొడుతున్నది. తడి గోనెలు కప్పుండ్రి. ఆరనియ్యకుండ్రి."

ఒక డబ్బా అక్కడే పోశాం. వేములవాడ దాటేసరికి గోనెలు ఎండిపోయాయి. సుజాత రెండో డబ్బా చేతిలోకి తీసుకుని నావైపు చూసింది.

"ఇంజనుకు గావాల్నేమో మామా?"

"నా రేడియేటర్‌కు చుక్క గూడ అక్కెరలేదు బిడ్డా. పొయ్యి."

పోసింది. తర్వాత ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, పిల్ల ఏంజేస్తంది?"

అవతలి గొంతు నాకూ వినిపించింది. "ముంగట కూసున్నది. తింటలేదు."

"తల దువ్వి ఉంచు. అస్తున్నం."

రుద్రంగి దాటాక రోడ్డు మీద వంటా వార్పు. తెలియనివారి కోసం చెబుతున్నాను. ఆ రోజుల్లో ఊరంతా రోడ్డెక్కి, నడిమధ్యన పొయ్యిలు పెట్టి, వండి, వార్చి, అక్కడే తినేవాళ్లు. వంట అయ్యేదాకా బండి కదలదు. మేం చేరేసరికి సాయంత్రం మూడున్నర. నాలుగు పొయ్యిల మీద పెద్ద గంజు గిన్నెలు. ఒక ముసలామె ఉడికిన అన్నాన్ని బట్ట కట్టి వారుస్తోంది, గంజి కుండలోకి దిగుతోంది.

వెనక ఏముందో చూడగానే వాళ్లే పొయ్యిలు జరపడం మొదలుపెట్టారు. "శవాన్ని ఆపద్దుర్రా, తొవ్వియ్యుండ్రి" అని ఎవరో అరిచారు. నేను ఇంజను ఆపలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అప్పుడు కింద ఫట్‌మని చప్పుడు. ఆవిరి అద్దానికి కొట్టింది. నీళ్లన్నీ తారురోడ్డు మీద పారాయి.

కింది హోస్ పైపు. ఉస్తాద్ వేలు పెట్టి చూపిన పైపు.

నా మొదటి పేరా అబద్ధమని ఈపాటికి మీకు తెలిసిపోయి ఉంటుంది. ఆగాను. ముల్లు ఎర్రగీత దాటి అవతలి అంచుకు కొట్టుకుంది. పైపుకు సైకిల్ ట్యూబు చుట్టి, తీగతో బిగించాను. అరగంట పట్టింది. ఇక నీళ్లు కావాలి. నా డబ్బాలు రెండూ ఖాళీ. వాళ్ల డ్రమ్ముల్లో నీళ్లు వంటకే అయిపోయాయి. పొద్దు పడమటికి వాలుతోంది. అప్పుడు ఆ వంట దగ్గరి ఆడవాళ్లు, పాపం, వాళ్లకేం తెలుసు, గంజి కుండ తెచ్చి రేడియేటర్‌లో వంచేశారు. తెల్లటి ఆవిరి లేచింది. ఇంజను మాత్రం స్టార్టయింది.

కొంతదూరం బాగానే నడిచింది. తర్వాత బండి నిండా అన్నం ఉడికిన వాసన. సుజాత కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పొద్దుటి నుంచి ఆమె ఏమీ తినలేదు. నేనూ తినలేదు. వెనక శవం, ముందు వేడి అన్నం వాసన, కడుపులో ఆకలి. ఆకలి వేసినందుకు నాకు సిగ్గేసింది. ముల్లు లేస్తోంది. స్విచ్ వేసే ఉంది, ఫ్యాను శక్తికొద్దీ తిరుగుతోంది. నాలుగు వరసల గొట్టాల్లో నీళ్లు పారితే కదా గాలి పనిచేసేది. కథలాపూర్ చేరకముందే ఇంజను గట్టిగా దగ్గి పట్టేసింది.

పొలంలో ఉన్న ఒక రైతు అడగకుండానే ట్రాలీలోని గడ్డి దించేసి ట్రాక్టరు తెచ్చాడు. పెట్టె మార్చాం. సుజాత పెట్టె పక్కనే కూర్చుని మూత మీద చెయ్యి వేసింది. నేను పికప్‌ను రోడ్డుమీదే వదిలేసి ట్రాలీ ఎక్కాను. ట్రాక్టరు నడక మీకు తెలిసిందే. ఎండ పొలాల మీద నుంచి చెట్ల కొనలకు ఎక్కింది. అక్కడి నుంచీ పోయింది. అటువైపు చూడొద్దనుకుంటూ చూశాను.

కోరుట్ల చేరేసరికి మసక చీకటి. కరెంటు లేదు. రాజేశం వాళ్ల అన్న పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు. మూత తీసేందుకు సుజాత తమ్ముడు గొడ్డలి తెచ్చాడు. ఎవరో సెల్‌ఫోన్ లైటు ఎత్తారు. రాజేశం వాళ్ల అన్న ఆ చేతిని కిందికి నెట్టాడు.

"టార్చి కొట్టి జూసే మొఖమా అది? అన్నిదినాలాయె. పొద్దుండంగ అయితె ఒక్కపారి దూరంకెల్లి జూపెడ్దుము. చీకట్ల లైటేసి జూపిస్తె పిల్ల బతుకంత గదే యాదికుంటది. తెర్వద్దు."

సుజాత తమ్ముడికి సైగ చేసింది, అతను గొడ్డలి గోడకు ఆనించాడు.

మూడోరోజు బండిని తాడు కట్టి జగిత్యాల లాక్కుపోయాను. ఉస్తాద్ కోర్ విప్పాడు. గొట్టాల నిండా తెల్లటి ముద్ద, సిరిసిల్లలో పడుగు నూలుకు పట్టించే గంజిలాగా. చాకు మొనతో తీసి నాకు చూపించాడు. "ఫౌజీ సాబ్, గిది రేడియేటరా, పెరుగు కుండనా?" అన్నాడు. సంగతి చెప్పాను. కొత్త హోస్ పైపు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ పైపు ఇప్పటికీ మా అటక మీద ఉంది. బిగించలేదు.

నన్ను వదలనిది ఆ తెల్ల ముద్ద కాదు. ఆ రాత్రి పెట్టె ఎత్తబోయే ముందు ఆ పిల్ల దగ్గరికొచ్చింది. బిగుతుగా దువ్విన తల, రెండు రిబ్బన్లు. నేల మీదికి దించిన ఫోన్ లైటులో మూత మీది నల్ల అక్షరాలు కొద్దిగా కనిపిస్తున్నాయి. వేలు పెట్టి, బడిలో పాఠం చదివినట్టు చదివింది. ఆర్. ఏ. జే. ఈ. చివరిదాకా చదివి తల ఎత్తి మమ్మల్ని చూసింది, సరిగ్గా చదివానా అన్నట్టు.

ఇదంతా రాశాక సుజాతకు వినిపించాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నా ఎడారి దగ్గర నవ్వింది, పైపు దగ్గర తల ఊపింది. చివరిదాకా విని చాట పక్కన పెట్టింది.

"మామా, గంజి వాళ్లు పొయ్యలె."

"మరి?"

"గా ముసలామె కుండ ఎనుకకు గుంజుకున్నది. 'ఇది గంజి నాయనా, సల్లారితె గడ్డ కడ్తది. పోరగాండ్లను నీళ్లకు బోరింగు కాడికి తోలిన, జరంతసేపు ఆగు' అన్నది. నువ్వు ఇనలె. మిలిట్రీల అంబలి పోసి గూడ బండ్లు నడిపిన అన్నవ్. కుండ గుంజుకోని నువ్వే పోసినవ్."

నేను కాగితాలు సర్దుకున్నాను. ఆమె మళ్లీ చాట అందుకుంది.

"బండి కదిలినంక నేను అద్దంల జూసిన. నీళ్ల బిందెలు వట్టుకోని ఇద్దరు మన ఎనుక ఉరుకుతున్నరు."