మెర్విన్ గాదర్‌కోల్ చుట్టాలు

ప్రపంచంలో ఎక్కడ ఎవరికి గాదర్‌కోల్ అనే ఇంటిపేరున్నా వాళ్ళు తన చుట్టాలేనని మెర్విన్ గాదర్‌కోల్ అనేవాడు. అని ఊరుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండకపోను. వాళ్ళకి ఫోన్ చేసి మరీ ఆ సంగతి చెప్పేవాడు.

టాస్మేనియా దక్షిణపు కొసన పెట్రెల్ బే అనే చిన్న రేవులో జీవితమంతా చేపల పడవ నడిపి, మోకాళ్ళు మొరాయించాక ఒడ్డున స్థిరపడ్డాడాయన. పొద్దున్నే బేకరీకి వచ్చేవాడు. రొట్టె కొనక ముందే కౌంటర్ మీది పేపరు తీసి, ఆటల పేజీ నుంచి వెనక్కి వెనక్కి చదువుకుంటూ పోయేవాడు. వార్తలు కాదు, పేర్లు. బేకరీలో పనిచేసే లోర్నాకి ఆయన మొహం చూస్తేనే తెలిసిపోయేది, ఆ రోజు చుట్టం దొరికాడో లేదో.

పశ్చిమాన పెర్త్‌లో ఆడే ఓ గాదర్‌కోల్ సున్నాకి అవుటయ్యాడని ఒకరోజు పేపర్లో పడింది. మెర్విన్ విచారంగా తలూపి, "ఎడం భుజం బలహీనం. మా తాతకీ అంతే" అన్నాడు. మరుసటి వారం అదే కుర్రాడు సెంచరీ కొట్టాడు. "ఆ భుజం ఎవరిదనుకున్నావ్, మా తాతది కదూ" అన్నాడు.

సిడ్నీలో ఇమోజెన్ గాదర్‌కోల్ అనే గాయని ఉందని రేడియోలో విన్న వారం నుంచి ఆయన చర్చిలో గొంతెత్తి పాడటం మొదలుపెట్టాడు. అంతకు ముందు పెదవులు మాత్రం కదిపేవాడు. రక్తంలో ఉన్నప్పుడు దాచుకోవడం పాపమన్నాడు. ఆర్గన్ వాయించే ఆవిడ ఆ రోజు నుంచి శబ్దం పెంచి వాయించేది. ఆయన దాన్ని పోటీగా తీసుకున్నాడు.

ఊళ్ళో వాళ్ళు ఏడిపించడానికి వాడుకునే చుట్టం మాత్రం వేరు. క్లారీ గాదర్‌కోల్ అనేవాడు కుర్రతనంలో కార్లు దొంగిలించి జైలుకెళ్ళాడు. జైల్లో ఉండలేక లాండ్రీ బండిలో దాక్కుని పారిపోయాడు. పట్టుకొచ్చి పెడితే మళ్ళీ పారిపోయాడు. ఆఖరిసారి పారిపోతూ, దారిలో ఆగిపోయిన కారును పాపం అని తోసిపెట్టాడు. అది మఫ్టీలో ఉన్న పోలీసులది. ఆ వార్త దేశమంతా మొదటి పేజీలో వచ్చింది. పబ్బులో అందరూ పేపరు చూపించి, మరి వీడి సంగతేమిటని అడిగితే, "మావాళ్ళకి ఒకచోట కూర్చోబెడితే తోచదు" అన్నాడు మెర్విన్. అన్నవాడు ఊరుకోలేదు. ఆ క్రిస్మస్‌కి జైలుకి ఫోన్ చేసి, నేను వాడికి పెదనాన్న వరస, మాట్లాడాలన్నాడు. ఏ వైపు పెదనాన్న అని అడిగితే, చుట్టాల పేర్లు రాసుకున్న పుస్తకం తీసుకొచ్చి చెబుతాను, లైన్లో ఉండండి అన్నాడు. ఎంతసేపు లైన్లో ఉన్నారో గానీ, చివరికి విసుగెత్తి క్లారీని పిలిచారు. అప్పటి నుంచి ప్రతి క్రిస్మస్‌కీ పిలుస్తూనే ఉన్నారు.

లోర్నా ఆ ఊళ్ళో నిలిచింది కూడా ఈ పిచ్చి వల్లే. భర్త ఇంకొకావిడతో క్వీన్స్‌లాండ్ వెళ్ళిపోతే, ఒక పెట్టె పట్టుకుని వర్షంలో బస్సు దిగింది. బేకరీలో పని ఉందేమో అడుగుతూ పేరు చెప్పింది. వెనక నుంచి ఎవరో భుజం తట్టారు.

"ఏ గాదర్‌కోల్స్ మీరు?"

"నేను కాదండీ, మా ఆయన. ఆయన కూడా ఇప్పుడు నావాడు కాడు" అంది లోర్నా.

మెర్విన్ టోపీ తీశాడు. "అయితే తప్పు మావైపే అమ్మాయ్. మావాడి తరఫున క్షమాపణ. పెట్టె ఇలా ఇయ్యి" అన్నాడు.

పెట్టె తిరిగి ఇవ్వనేలేదు. ఆయన భార్య బెరిల్ వెనక గది సర్దింది. లోర్నా ఆయన్ని మెర్వ్ బాబాయ్ అని, ఆవిడని పిన్ని అని పిలవడం అలవాటు చేసుకుంది. ఇంటిపేరు మార్చుకుందామని ఎన్నోసార్లు అనుకుని కూడా, ఆ పేరు లేకపోతే ఆ గదిలో ఉండే హక్కు తనకేముందన్న భయంతో ఊరుకుంది.

ఆ ఏడాది ఆపిల్ పళ్ళ కోతలు అయ్యాక మెర్విన్ ఓ ప్రకటన చేశాడు. పేరుమోసిన గాదర్‌కోల్స్ అందరినీ పిలిచి ఊరి హాల్లో సభ పెడతాడట. ఇంట్లో ఫోన్ వేడెక్కిపోయింది. క్రికెటరు మ్యాచ్ ఉందని తప్పించుకున్నాడు. ఇమోజెన్ వస్తానంది. ఓ బిషప్ గారు వస్తానన్నారు. ఇంటిపేర్ల మీద జీవితమంతా పరిశోధన చేసిన ఆచార్య హ్యూబర్ట్ గాదర్‌కోల్ అడిలైడ్ నుంచి, ఎవరూ అడక్కుండానే ఉపన్యాసం ఇస్తానన్నాడు. కొత్తగా విడుదలైన క్లారీ కూడా వస్తున్నాడని తెలిసి, పబ్బు యజమాని వెనక తలుపుకి రెండో గొళ్ళెం పెట్టించాడు.

సభ రోజున హాలు నిండిపోయింది. బెరిల్ పిన్ని చేసిన సాసేజ్ రోల్స్ వాసన వీధి చివరిదాకా వెళ్ళింది. వేదిక మీద మధ్యలో బిషప్ గారు, ఓ పక్క ఇమోజెన్, మరో పక్క క్లారీ. నెరిసిన జుట్టుతో సన్నగా ఉన్నాడు. ఎవరిదో కోటు వేసుకుని, మోకాళ్ళు దగ్గర పెట్టుకుని, చేతులు వాటి మీద పెట్టుకుని, ఫొటో తీయించుకునే వాడిలా కూర్చున్నాడు.

లోర్నా వంటగదిలో కప్పులు సర్దుతుంటే ఆచార్య హ్యూబర్ట్ టీ కోసం వచ్చి, ఉపన్యాసం ముచ్చట మొదలుపెట్టాడు. ఈ దేశంలో గాదర్‌కోల్స్ ఐదు వేర్వేరు కుటుంబాలట. ఒకదానికొకటి ఏ సంబంధమూ లేదట. వేదిక మీద ఉన్న ముగ్గురిలో ఏ ఇద్దరూ చుట్టాలు కారట. ఇక ఈ మెర్విన్ గారి తాత అయితే అసలు గాదర్‌కోలే కాడు, ఓడ వదిలి పారిపోయి వచ్చిన నార్వే నావికుడు, పేరు ఎక్కడ ఎత్తుకొచ్చాడో తెలియదన్నాడు. "అన్నీ రుజువులతో చెబుతాను. మీ బాబాయ్ గారు చాలా సంతోషిస్తారు" అన్నాడు. ఆయన నిజంగానే అలా అనుకుంటున్నాడు. ఆ మొహంలో ఇసుమంతైనా దుర్మార్గం లేదు.

లోర్నా చేతిలోని కప్పు కింద పెట్టేసింది. ఉపన్యాసం కాస్త తగ్గించమని బతిమాలింది. ఆయన పొగడ్త అనుకుని ఇంకో పావుగంట పెంచుతానన్నాడు. ఒకసారి గట్టిగా చదువుకుని చూసుకుంటాను, నిశ్శబ్దంగా ఉండే చోటుందా అని అడిగాడు. లోర్నా మడత కుర్చీలు పెట్టే గది చూపించింది. ఆయన లోపలికి వెళ్ళాడు. వెళ్ళాక ఆమె చెయ్యి ఆమెని అడక్కుండానే తాళంచెవి తిప్పింది. భయంతో గట్టిగా తిప్పడం వల్ల చెవి సగం విరిగి చేతిలోకి వచ్చింది, సగం తాళంలో ఉండిపోయింది.

లోపల ఆచార్యులు ఉపన్యాసంలో మునిగిపోయి ఉన్నాడు. లోర్నా పరుగెత్తుకెళ్ళి, టీ మరిగించే డ్రమ్ము దగ్గరున్న మెర్విన్‌ని పక్కకి లాగి, విన్నదీ చేసిందీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. ముసలాయన కుప్పకూలిపోతాడేమోనని కుర్చీ కూడా దగ్గరికి జరిపింది.

మెర్విన్ కూర్చోలేదు. "బిస్కెట్ల పెట్టె" అన్నాడు.

"ఏమిటి బాబాయ్?"

"పేరు ఎక్కడ ఎత్తుకొచ్చాడో తెలియదన్నాడుగా. బిస్కెట్ల పెట్టె మీద నుంచి. మా తాతే చెప్పాడు నాకు."

తాత ఒడ్డున దిగి, ఆకలికి ఓ కొట్టు ముందు నిలబడ్డాడట. కొట్లో ముసలావిడ పేరేమిటని అడిగిందట. తన పేరు చెబితే పట్టుకుంటారని భయపడి, ఎదురుగా ఉన్న పెట్టె మీది అక్షరాలు చదివేశాడట. ఆవిడ ఆయన్ని పైనుంచి కిందికి చూసి, గాదర్‌కోల్‌వా, అయితే మావాడివే, లోపలికి రా అని సూప్ పోసిందట. మోసం చేశానని తాత చాలాకాలం సిగ్గుపడ్డాడు. తర్వాత తెలిసింది, ఆ బిస్కెట్లు చేసేది ఆవిడేనని. పెట్టె మీద పేరు రాసుకున్నదీ ఆవిడేనని.

"అంటే ఆవిడకి ముందే తెలుసా?"

"లేకపోతే ఏమిటి. నీకు ఆకలిగా ఉందా, ఉండటానికి చోటుందా అని అడిగితే ఎవడూ నిజం చెప్పడమ్మాయ్. లేదండీ, బాగానే ఉన్నానండీ అంటాడు. మనవాడివే అంటే ఇక వాడు అనడానికేం ఉండదు." మెర్విన్ హాలు వైపు చూశాడు. "క్లారీని జైలు నుంచి నేరుగా ఇంటికి రమ్మన్నాను. రానన్నాడు. జాలిపడి పిలిచే చోటికి రాడట. అందుకని సభ పెట్టాను. పేరుమోసినవాళ్ళలో నేనెలా వస్తానన్నాడు. బిషప్ గారి ఫొటో ఒక్కసారైనా మొదటి పేజీలో పడిందా, నీది పడిందిగా అన్నాను. నవ్వి, వస్తానన్నాడు."

లోర్నాకి ఒక్కసారిగా అర్థమైంది. ఇమోజెన్, బిషప్ గారు, ఫోన్లు, ఇంత హడావుడీ ఆ అరువు కోటు మనిషి పక్కన కుర్చీలు నింపడానికే. ఆమెకి తన పెట్టె గుర్తొచ్చింది. ఏదో అడగబోయి మానేసింది. అడగాల్సిన అవసరం లేదనిపించింది.

"నా సంగతి సరే" అన్నాడు మెర్విన్. "ఆచార్యులు చెప్పేది వాడు వింటే సాయంత్రం బస్సుకే పోతాడు. అయినా మనిషిని గదిలో పెట్టి తాళం వేయడం బాగుండదు. ముందు తీయించు."

తీయడం ఎవరి తరం కాలేదు. కత్తి పెట్టారు, స్క్రూడ్రైవర్ పెట్టారు. లోపల ఆచార్యులకి సంగతి తెలిసి తలుపు బాదుతున్నాడు. ఆ చప్పుడికి క్లారీ వేదిక దిగి వచ్చాడు. తాళం వైపు ఒకసారి చూసి, బెరిల్ పిన్నిని కేకు తినే ఫోర్కు ఒకటి ఇమ్మన్నాడు.

ఆచార్యులవారికి తాళం పడిన గదులంటే భయం. భయం వేస్తే ఆయన పరిశోధన చెబుతాడు. క్లారీ బయట మోకాళ్ళ మీద కూర్చుని ఫోర్కు తిప్పుతుంటే, తలుపు తీసేది ఎవరో తెలియని ఆచార్యులు లోపల నుంచి మొత్తం ఉపన్యాసం అప్పజెప్పేశాడు. ఐదు కుటుంబాలు. ఏ సంబంధమూ లేదు. ఇంగ్లండులో బిషప్ గారిది యార్క్‌షైర్, జైలు మనిషిది కెంట్. మెర్విన్ గారిది నార్వే. లోర్నా మెర్విన్ చెయ్యి పట్టుకుంది.

క్లారీ చేతులు ఆగాయి. కాసేపటికి మళ్ళీ కదిలాయి. తాళం టక్కుమంది. ఆచార్యులు చెమటలు కక్కుతూ బయటికొచ్చాడు.

క్లారీ లేచి నిలబడి, "అంటే బిషప్ గారు నాకు చుట్టం కాదాండీ?" అని అడిగాడు.

"ఏ కోశానా కాదు."

"ఖాయమేనా?"

"రుజువులున్నాయి."

క్లారీ పెద్దగా ఊపిరి వదిలి కోటు గుండీలు విప్పేశాడు. "హమ్మయ్య. పొద్దుటి నుంచి కాళ్ళు కదపలేదండీ. ఇంత పెద్దమనిషికి నావల్ల తలవంపులని" అన్నాడు.

తర్వాత ఆచార్యులు వేదికెక్కి, అదే సంగతి కొంచెం వణుకుతూనే అందరికీ చెప్పాడు. ముందుగా బిషప్ గారి మొహం విప్పారింది. తన మేనల్లుడు దుస్తులు లేకుండా ఫుట్‌బాల్ మైదానంలో పరుగెత్తిన విషయం ఈ మంచివాళ్ళకి తెలిస్తే వీళ్ళ పరువేం కానని రాత్రంతా నిద్రపోలేదని ఒప్పుకున్నారు. మెర్విన్ చర్చిలో పాడటం ఆ ఉదయమే విన్న ఇమోజెన్, అది తమ వంశపు గొంతు కాదని తేలినందుకు దేవుడికి మనసారా దండం పెట్టుకుంది. చుట్టరికం బరువు దిగిపోయాక అందరూ మొదటిసారి హాయిగా మాట్లాడుకున్నారు. బిషప్ గారు క్లారీ పక్కకి కుర్చీ లాక్కుని, లాండ్రీ బండిలో సరిగ్గా ఎక్కడ దాక్కున్నావో చెప్పమని అడిగారు.

అతిథులు వెళ్ళిపోయాక ఇంట్లో నలుగురే మిగిలారు. బెరిల్ పిన్ని మిగిలిన రోల్స్ వేడిచేసింది. ఇంటిపేరు మార్చుకుంటే ఏమైనా అనుకుంటారా అని లోర్నా అడిగేసింది. నీ ఇష్టం, గది మాత్రం మార్చొద్దు, మళ్ళీ సర్దలేను అంది పిన్ని. లోర్నా నవ్వుతూ తింటుంటే, ఎన్నేళ్ళుగానో బిగబట్టుకున్నదేదో వదులైనట్టనిపించింది.

క్లారీ మాత్రం సంచీ ఒళ్ళో పెట్టుకుని గుమ్మం దగ్గరి కుర్చీలో అంచున కూర్చున్నాడు.

"మెర్విన్ గారూ, చుట్టాన్ని కాదని తేలిపోయింది కదా. ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చంటారు?"

మెర్విన్ రోల్ నములుతూ ఆలోచించాడు.

"చుట్టానివైతే వచ్చే ఆదివారం దాకా ఉంచుకుని పంపించేసేవాణ్ణి. చుట్టం కానివాణ్ణి ఎప్పుడు పంపించాలో నాకు తెలీదు. ఎప్పుడూ అలాంటివాడు రాలేదు మా ఇంటికి."

క్లారీ ఒళ్ళోని సంచీ కింద పెట్టాడు. తర్వాత వంగి, బూట్ల తాళ్ళు విప్పుకోవడం మొదలుపెట్టాడు.