బుర్రకు చింతపండు

మనవరాలు చింతపండుతో ఇత్తడి చెంబు తోముతుంటే, ఆ పుల్లటి వాసనకి నా చెయ్యి దానంతటదే నెత్తి మీదికి పోయింది.

పంతొమ్మిది వందల నలభైల్లో మాట. అనకాపల్లిలో మా పెరట్లో, వానలకి తుప్పు పట్టిన, బెల్లం వండే ఇనప పెనాన్ని మా మామ్మ చింతపండుతో తోముతోంది. ఎర్రటి నీళ్లు కారుతున్నాయి.

"ఎక్కాలు సదవకపోతే నీ బుర్రా ఇలాగే తుప్పట్టెత్తాది" అంది.

నాకు ఏడేళ్లు. సెలవులంతా ఎక్కాల జోలికే పోలేదు. మామ్మ లోపలికెళ్లగానే మిగిలిన చింతపండు నెత్తికి రుద్దేసుకుని నీళ్లు పోసుకున్నాను. నా తలలోంచీ ఎర్రటి నీళ్లే కారాయి! గొల్లుమన్నాను.

మామ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏటే పిల్లా?"

"తుప్పు మామ్మా!"

మామ్మ నవ్వలేదు. తల కడుగుతూ అడిగింది: "పన్నెండేడులెంత?"

"ఎనభై నాలుగు."

"మరింకేటి? తుప్పు నేదు."

ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఇప్పుడు నాకే ఎనభై దాటాయి. తెలిసినవాళ్ల పేర్లు అప్పుడప్పుడు జారిపోతున్నాయి. అందుకే రోజూ పొద్దున్నే పంతొమ్మిదో ఎక్కం వెనక్కి చెప్పుకుంటాను. ఇవాళా నూట తొంభై నుంచి పంతొమ్మిది దాకా తడబడకుండా దిగాను. ఎందుకైనా మంచిదని నెత్తి తడిమి చూసుకున్నాను.

పొడిగానే ఉంది.