ఎడమ సీటులో బ్రేకు

మొన్న ఉదయం కురబలకోట దాటాక, రోడ్డు వెడల్పు చేస్తున్న చోట ఒక ట్యాంకరు ఎర్రమట్టి మీద నీళ్లు చల్లుకుంటూ పోతోంది. కారు నా కూతురు నడుపుతోంది. నేను పక్కన ఎడమ సీటులో ఉన్నాను. అద్దం సగం దించి ఉంది. ఎండకు కాగిన మట్టి మీద నీళ్లు పడగానే లేచే వాసన లోపలికి వచ్చింది. దాని వెనకే, ముందు పోతున్న లారీ నుంచి కాలిన బ్రేకుల వాసన. ఆ రెండూ కలిసి నా ముక్కుకు తగిలి చాలా ఏళ్లయింది. నాకు తెలియకుండానే నా కుడికాలు ముందుకు సాగి, ఏమీ లేని చోట నేలను గట్టిగా తొక్కింది.

"యాల నాయనా, అట్ల తొక్కుతావు? ఆడ బ్రేకు లేదు," అని అమ్మాయి నవ్వింది.

లేదని నాకూ తెలుసు. మస్తాన్ సార్ కారులో ఉండేది.

మస్తాన్ సార్‌ది మా పుంగనూరే. బస్టాండు వెనక వీధిలో డ్రైవింగ్ స్కూలు నడిపేవారు. అలాంటి స్కూలు కార్లలో నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు తడబడితే పక్కనున్నవాడు తొక్కుతాడు. ముప్పై ఏళ్లకు పైగా ఆయన ఆ ఎడమ సీటులోనే కూర్చున్నారు. పొట్టి మనిషి, తెల్ల టోపీ, ఇస్త్రీ చొక్కా. ఆయన కారు ఎప్పుడూ రెండో గేరు దాటేది కాదు. దారిలో ఎదురైతే మా ఊరివాళ్లు, "మస్తాన్ సార్ బండి వస్తాండాది, మనం నడిసి పోదాం పాండప్పా, ముందుగా చేరతాం," అని ఎగతాళి చేసేవాళ్లు. ఆయన కిటికీలోంచి చెయ్యెత్తి నమస్కారం పెట్టేవారు.

నేను మదనపల్లెలో టమోటా లారీల ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేస్తాను. ఏ లారీ ఎప్పుడు కదిలితే ఏ ఊరి మార్కెట్టుకు వేలం మొదలయ్యేలోపు చేరుకుంటుందో చెప్పడం నా పని. చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఘాట్ రోడ్డులో బరువుతో ఎక్కే లారీ వేగం ఎంత, చెక్‌పోస్టు దగ్గర ఎంతసేపు పడుతుంది, ఏ డ్రైవరుకు పలమనేరులో టీ తాగందే కళ్లు తెరుచుకోవు, ఇవన్నీ చూసి చూసి నాకు నేనే లెక్క కట్టడం నేర్చుకున్నాను. దూరాన్ని వేగంతో భాగిస్తే లోకమంతా అర్థమైపోతుందని నమ్మిన రోజులవి. నలభై దాటాక కారు నేర్చుకుందామని సార్ దగ్గరికి వెళ్లాను.

మూడో రోజో నాలుగో రోజో, ఖాళీ రోడ్డు మీద నేను బాగానే నడుపుతున్నానని అనుకుంటుండగా కారు ఉన్నట్టుండి ఆగిపోయింది. తొక్కింది నేను కాదు. పక్కకు చూశాను. సార్ గట్టు వైపు చూస్తున్నారు. గట్టు మీద గొర్రెల కాపరి ఒకడు నిలబడి ఉన్నాడు. మరుక్షణంలో కంపచెట్ల సందులోంచి గొర్రెలు బిలబిలా రోడ్డు మీదికి దిగాయి.

"సార్, గొర్రెలు కనపడనే లేదే. యెట్ల తొక్కినారు?"

"కాపరి యెనక్కి తిరిగి సూసినాడు గదా రెడ్డెప్పా. యెనకాల ఏమీ లేకుంటే యాల తిరుగుతాడు?" అన్నారు సార్. "నువ్వు మీటరు సూస్తాండావు. అది నీ బండి గురించే చెప్తాది."

నేను నేర్చుకోవడం పూర్తయ్యాక ఒకరోజు అడిగారు, "శనాదివారాలు నీకు పనేమన్నా ఉండాదా? గడియారం పట్టుకునేదానికి నమ్మకమైన మనిషి కావాల." ఎందుకని అడిగితే, స్కూలు వెనక షెడ్డు తలుపు తీశారు. లోపల పాతబడి పక్కన పెట్టేసిన స్కూలు కారు. వెనక సీట్లు లేవు. లోపలంతా ఇనుప గొట్టాల పంజరం. బండి పల్టీ కొట్టినా మనిషి నలగకుండా కుప్పంలో వెల్డింగ్ చేయించారట. తలుపు మీద కొత్తగా పసుపు రంగు వేశారు గానీ, కింద ఎర్రటి ఎల్ అక్షరం ఇంకా తొంగి చూస్తూనే ఉంది.

"సార్, మీరు రేసుకు పోతారా?"

"మెల్లిగా మాట్లాడప్పా. ఊర్లో తెలిస్తే పిల్లోళ్లను నేర్చుకునేదానికి పంపీరు."

గుడుపల్లె అవతల, మూతపడిన గ్రానైట్ క్వారీ పక్కన చదును చేసిన నేల ఉంది. కార్ల పిచ్చి ఉన్నవాళ్లు కొందరు కలిసి క్లబ్బు పెట్టుకుని అక్కడ మట్టి ట్రాక్ వేసుకున్నారు. శనివారం టైము చూస్తారు. అందరికంటే వేగంగా ఒక చుట్టు తిరిగినవాడి సమయానికి ఒకటింపావు రెట్లు దాటకుండా తిరిగినవాళ్లే ఆదివారం రేసులో దిగాలి. సార్‌తో నేను చాలాసార్లు వెళ్లాను. చెప్పదలుచుకున్నది మాత్రం ఒక్క వారాంతం గురించి.

ఆ ఏడు సార్‌కు అరవై నిండాయి. కంటికి ఆపరేషన్ కూడా అయింది. అరవై దాటినవాళ్లు ఒక రేసు పూర్తిచేసి చూపిస్తేనే రేసులో దిగే క్లబ్బు కార్డు కొనసాగుతుందని, లేకపోతే మలుపు దగ్గర జెండా ఊపే పని ఇస్తామని క్లబ్బువాళ్లు చెప్పారు. మర్యాదగానే చెప్పారు. శనివారం తెల్లవారాక పుంగనూరు నుంచి బయలుదేరాం. జీపులో మేము, వెనక ట్రాలీ మీద రేసు కారు, నా ఒళ్లో సార్ భార్య కట్టిచ్చిన కుష్కా అన్నం డబ్బా. వాకిట్లో నిలబడి ఆమె, "జెండా ఇస్తే తీసుకోనీ రెడ్డెప్పన్నా. నీడన్నా ఉంటాది," అంది. సార్ వినిపించుకోలేదు. పలమనేరు దాటాక, "జెండా ఊపేవోనికి బండ్లన్నీ కనపడతాయి. ఒక్కటీ వాందిగాదు," అన్నారు. అంతే.

ఉదయం ప్రాక్టీసులో పక్కన మనిషిని కూర్చోబెట్టుకోవచ్చు. ఆ రోజు మొదటిసారి నన్ను కూర్చోమన్నారు. హెల్మెట్ పెట్టుకుని, బెల్టులు బిగించుకుని చూస్తే నా కాళ్ల దగ్గర బ్రేకు పీకేసిన చోట రెండు బోల్టు రంధ్రాలు మిగిలి ఉన్నాయి. బండి కదిలింది. తరువాత జరిగింది మాటల్లో పెట్టడం నాకు ఇప్పటికీ చేతకాదు. గుంత మలుపు అని ఒకటుంది, దాని అంచున క్వారీ లోయ. అక్కడికి వచ్చేసరికి కారు ముక్కు లోయ వైపు తిరిగి ఉంది, మేము మాత్రం పక్కకు జారుతూ మలుపు వెంట పోతున్నాం. కంకర కింద నుంచి వడగళ్లలా కొడుతోంది. సార్ వైపు చూశాను. ఆయన మలుపును చూడటం లేదు. దాని తరువాత వచ్చే మలుపును చూస్తున్నారు. చేతులు పిండి కలుపుతున్నంత నెమ్మదిగా కదులుతున్నాయి. పెదవులు ఏదో అంటున్నాయి. చెవి పెట్టి విన్నాను. "మెల్లిగా... వదులు... ఇంగొంచెం వదులు... ఆ, ఇప్పుడు తొక్కు." నాకు రెండో గేరులో నేర్పినప్పుడు చెప్పిన మాటలే, అదే గొంతు. ఊరంతా నవ్విన ఆ నిదానం లోపల ఇంత వేగం ఉందా అని నోరు తెరుచుకుని కూర్చుండిపోయాను.

ప్రాక్టీసు సమయం లెక్కలోకి రాదు. అసలు టైము మధ్యాహ్నం మొదలైంది. ఆ రోజు అందరికంటే వేగం కుప్పంలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడిపే మునిరత్నంది, నీలం కారు. ఒక నిమిషం ఇరవై సెకన్లు. అంటే సార్ ఒక నిమిషం నలభై లోపల తిరగాలి. తిరగలేకపోయారు. ప్రతి చుట్టూ నాలుగైదు సెకన్లు ఎక్కువే. మునిరత్నం నీళ్ల సీసాతో మా దగ్గరికి వచ్చి, "సార్, మూడో గేరు కూడా ఉంటాది ఆ బండికి, తెలుసునా?" అన్నాడు. సార్ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పొద్దున నేను కూర్చున్న కారు ఇంత నెమ్మది కాదు. తేడా ఎక్కడుందని గుంత మలుపు దగ్గరికి నడిచి వెళ్లి నిలబడ్డాను. రెండు చుట్లు చూశాక తెలిసింది. ముందు బండి మలుపులోకి తప్పుగా దిగినప్పుడల్లా సార్ బ్రేకు లైటు వెలుగుతోంది. తన మలుపుకు ఒకసారి, వాళ్ల తప్పుకు ఒకసారి.

అంతలో ట్యాంకరు వచ్చి ట్రాక్ మీద నీళ్లు పోసింది. చల్లమంటే ఆ డ్రైవరు నారుమడికి పెట్టినట్టు పెట్టాడు. ఆరేదాకా ఆగుదామని అందరూ బండ్లు పక్కన పెట్టారు. నేను పరుగెత్తి వచ్చాను.

"సార్, ఇప్పుడే పోండి. ముందర ఒక్కడూ ఉండడు."

"బురదలోనా?"

"బురదలో జారేది మీ బండి ఒక్కటే సార్. పొడిలో మీరు అందరి బండ్లూ తోలుతాండారు."

సార్ నన్ను ఒక్క క్షణం చూశారు. హెల్మెట్ పెట్టుకున్నారు. ఒంటరిగా ఆ పసుపు కారు ఎర్రటి బురద చిమ్ముతూ తిరిగి వస్తే, గడియారంలో ఒక నిమిషం ముప్పై ఎనిమిది.

సాయంత్రం టీ కొట్టు దగ్గర బ్రేకు లైటు సంగతి చెప్పాను. రేపు రేసులో ముందు బండ్లు ఉంటాయని, వాళ్లను చూడకుండా నడిపితే చుట్టుకు ఆరేడు సెకన్లు మిగులుతాయని, అది శుద్ధ నష్టమని లెక్కతో సహా చెప్పాను. సార్ గ్లాసు తిప్పుతూ విన్నారు. "ముప్పై యేండ్లుగా యెవురు తప్పు సేసినా నా కాలే గదప్పా తొక్కింది. రేపు ఒక్క దినానికి మానుకో అంటే యెట్ల ఇంటాది?" అన్నారు. గ్లాసు కింద పెట్టి, "సరే, ప్రయత్నం సేస్తాలే," అన్నారు. ఆ గొంతులో నమ్మకం లేదు.

ఆదివారం తొమ్మిది కార్లు దిగాయి. మునిరత్నం మొదటి చుట్టులోనే తొందరపడి గట్టుకు తగిలి వెనకబడ్డాడు. ఆ కోపంతో ఒక్కొక్కరినే దాటుకుంటూ, రేసు సగం దాటాక సార్‌ను కూడా దాటేశాడు. గుంత మలుపు వస్తోంది. ముందు నీలం కారు, దాని తోకకు ఆనుకుని సార్, సార్ వెనక ఇంకో రెండు. నేను గట్టు మీద నిలబడి, తొక్కొద్దు సార్, తొక్కొద్దు అని లోపలే అనుకుంటున్నాను. సార్ బ్రేకు లైటు వెలిగింది. నీలం కారు అప్పటికి చక్కగానే పోతోంది. నా పక్కనున్న క్లబ్బాయన, "ఏమప్పా, ఈయన ఈడ తొక్కుతాండాడు?" అని కూడా అన్నాడు.

ఆ మాట పూర్తయ్యేలోపు నీలం కారు గిర్రున తిరిగింది. తిరిగి, ట్రాక్‌కు అడ్డంగా, డ్రైవరు తలుపు వెనక వచ్చే బండ్ల వైపు పెట్టి ఆగిపోయింది. దుమ్ము లేచి అంతా మూసేసింది. ఇంజన్ల మోత తప్ప ఏమీ తెలియడం లేదు. నేను గుద్దిన చప్పుడు కోసం ఎదురుచూశాను. రాలేదు. దుమ్ము కొంచెం పలచబడ్డాక చూస్తే, మునిరత్నం తలుపుకు మనిషి పట్టేంత ఎడంలో పసుపు కారు నిలబడి ఉంది. దాని లైటు చూసి తొక్కిన రెండు బండ్లూ దాని వెనక ఆగి ఉన్నాయి. హారన్ కొట్టినవాడు లేడు. తరువాత పసుపు కారు నెమ్మదిగా కదిలి, లోపలి వైపు నుంచి చుట్టుకుని ముందుకు పోయింది. స్కూలు కారు పోయినట్టే పోయింది.

వెనకనున్న ఆ రెండు బండ్లూ తరువాత దాటిపోగా, సార్ ఎనిమిదో స్థానంలో రేసు ముగించారు. కార్డు నిలిచింది. హెల్మెట్ తీస్తే టోపీ చెమటకు తడిసి తలకు అతుక్కుని ఉంది. మునిరత్నం మెల్లగా నడిచి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"సార్... నేను తిరగకముందే తొక్కినారంట గదా. యెట్ల తెలిసె?"

"నువ్వు స్టీరింగ్ ఒక తూరి తిప్పి, సాలదని మళ్లా తిప్పినావు నాయనా. యెనకనుంచి చక్రం సూస్తే తెలిసిపోతాది. కొత్తగా నేర్చుకునేవోళ్లంతా అదే సేస్తారు." సార్ అతని భుజం మీద చెయ్యి వేశారు. "పుంగనూరుకు రా. నెల దినాల్లో నేర్పిస్తా. మూడో గేరు కూడా."

మునిరత్నం నవ్వబోయి నవ్వలేక ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

నేను గడియారం జేబులో వేసుకున్నాను. శనివారమంతా నేను నష్టం అని లెక్కగట్టిన ఆరేడు సెకన్లు అక్కడ నా కళ్ల ముందు ఒక మనిషై నిలబడి నీళ్లు తాగుతున్నాయి. తిరిగి వస్తుంటే వి.కోట దాటాక సార్ తానే అన్నారు, "మానుకుందామనే సూసినా రెడ్డెప్పా. కాలు ఇనలేదు." తప్పు చేసినవాడిలా అన్నారు. ఆయన పక్కన కూర్చోవడానికే ఆ పూట నాకు జంకుగా ఉంది.

ఆ తరువాత కూడా కొన్నేళ్లు ఆ ట్రాక్ మీద తిరిగారు. ఎప్పుడూ గెలవలేదు. గుంత మలుపులో ఆయన వెనక పోవడానికి మాత్రం కుర్రవాళ్లు ఇష్టపడేవారు. సార్ పోయి రెండేళ్లయింది. నేను ఇప్పటికీ లారీలకు సమయం కడుతున్నాను. దూరాన్ని వేగంతో భాగించాక, కాస్త ఎడం వదులుతాను. అది మా డ్రైవరు కోసం కాదు. దారిలో ఎదురయ్యేవాడి కోసం, వాడెవడో, ఏం తప్పు చేస్తాడో నాకు తెలియదు. ఆ ఎడం దేనికని కొత్త యజమాని ఒకసారి అడిగాడు. రోడ్డుకు అన్నాను.

మొన్న అమ్మాయి నవ్వు ఇంకా ఆగకముందే, ట్యాంకరు డ్రైవరు కిటికీలోంచి మెడ బయటపెట్టి వెనక్కి చూశాడు. ఈసారి నా కాలు కదలలేదు. కారు నెమ్మదించింది. తొక్కింది అమ్మాయి. ట్యాంకరు తడిమట్టి మీద వెనక్కి రావడం అప్పుడు మొదలైంది.

"ఎందుకు తొక్కినావమ్మా?" అన్నాను.

"వెనక్కి చూసినాడు గదా నాయనా," అంది, అందులో చెప్పడానికేముంది అన్నట్టు.