తిండి అయిందా అక్కా

ఇవాళ పొద్దున పెనం మీద దోసె తిరగేయబోతుండగా ఫోన్ మోగింది. ఎత్తగానే "అక్కా, తిండి అయిందా?" అని వినిపించింది. నన్ను అక్కా అని పిలిచేవాళ్లు ఇంకొందరున్నారు గానీ, పలకరింపుగా తిండి మాట ఎత్తేది లోకంలో ఒక్కతే, బెంగళూరు నగర్తపేట పిల్ల. పిల్ల అంటున్నానే గానీ ఇప్పుడు ఓ ఆసుపత్రిలో డైటీషియన్. మెడలో కార్డు వేలాడేసుకుని, రోగులకి ఏం తినాలో ఏం తినకూడదో చెప్పి జీతం తీసుకుంటోంది. "నా వార్డులో ఒక అవ్వ ఉండాదక్కా. ఉప్పు లేని కూడు తినేదే లేదని మొండికేసింది. నువ్వు అప్పుడు కాలేజీకి చేసి తెచ్చినావు చూడు, ఆ పప్పు, అది ఎట్ల చేసేది కొంచెం చెప్పప్పా" అంది. ఆడమనిషిని పట్టుకుని అప్పా అంటుందేమిటని మొదట్లో నేనూ విస్తుపోయాను. వాళ్ల ఇంట్లో చిన్నా పెద్దా, ఆడా మగా తేడా లేదు, ఆప్యాయత పుడితే అందరూ అప్పాలే. నేను ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడిపోయాను. దోసె మాడింది.

ఆ పప్పు సంగతి చెప్పాలంటే ముందు మా అమ్మ సంగతి చెప్పాలి. అమ్మ చివరి ఏళ్లు మా దగ్గరే, బెంగళూరు కె.ఆర్.పురంలో, రైలు కూత పడకగదిలోకి వినబడే ఇంట్లో గడిపింది. గుండె బలహీనపడి కాళ్లకి నీరు దిగేది. ఉప్పు బాగా తగ్గించేయమన్నారు డాక్టరుగారు. కృష్ణా జిల్లాలో పుట్టి, ఊరగాయ జాడీల మధ్య పెరిగిన మనిషికి ఉప్పు మానమనడం ఎంత మాట! ఆవిడకి విడిగా, మాకు విడిగా వండి చూశాను. మేం అటు తిరగ్గానే మా గిన్నెలోంచి గరిటెడు తన కంచంలో వేసుకునేది. పట్టుకుంటే "పొరపాటున వేసుకున్నానే" అనేది, చిన్నపిల్లలా మొహం పెట్టి. దాంతో విసుగొచ్చి ఇంటిల్లిపాదికీ ఒకటే వంట మొదలుపెట్టాను, ఉప్పు లేకుండా. మావారి కంచం పక్కన ఒక చిన్న స్టీలు గిన్నెలో ఉప్పు పెట్టేదాన్ని, ఆయన కలుపుకుని తినేవారు. అమ్మ కోసం పప్పులో నిమ్మరసం, వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి అన్నీ దట్టించేదాన్ని. ఎంత దట్టించినా ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అంటుందిటే ఉప్పు" అని సామెత విసిరేది. మరీ కోపమొస్తే, "నీ ఇంటి ఉప్పు నేను తినలేదు సుమా. రేపు నీకు విశ్వాసంగా ఉంటానని ఆశపడకు" అనేది. ఆవిడతో కలిసి మేమూ నవ్వేవాళ్లం.

అమ్మ పోయింది. నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లందరూ నా మొహంలోకి చూశారు, ఇప్పుడొస్తుంది, ఇంకాసేపటికి వస్తుంది అని. రాలేదు. ఒక పిన్ని వరస ఆవిడ నలుగురిలో నిలబెట్టి, కన్నతల్లి పోతే కంటతడి లేని కూతుర్ని ఇప్పుడే చూస్తున్నానని దులిపేసింది. ఆవిడని కాఫీలో చక్కెర సరిపోయిందా అని అడిగాను. ఆ సాయంత్రం మావారు ఉండబట్టలేక, "ఉప్పూ కారం తినే మనిషివేనా నువ్వు? అన్ని మాటలంటే కోపమైనా రాదా?" అన్నారు. అలవాటు మాటగానే అన్నారు, పాపం. నాకు కోపం రాలేదు, దుఃఖం రాలేదు, మెల్లగా గమనించిందేమిటంటే ఆకలి కూడా రావడం లేదు. గడియారం చూసి తినేదాన్ని. పొద్దున పూట అదీ లేదు. నోట్లో పెట్టుకున్నది పప్పో కూరో రంగును బట్టి తెలిసేది. ఎవరైనా ఫోన్ చేసి అమ్మ ఎలా ఉందని అడిగితే ఫోన్ మావారికిచ్చేసేదాన్ని. అమ్మ లేదు అన్న రెండు మాటలు నా నోటితో నేను ఎవరికీ చెప్పలేదు.

ఇలా ఉన్నదాన్ని తీసుకెళ్లి యూనివర్సిటీలో చేర్చింది మావారే. అమ్మ జబ్బు ధర్మమా అని నాకు ఏ కూరలో ఏముందో కంఠతా వచ్చేసింది కాబట్టి పోషకాహారం కోర్సు అయితే బాగుంటుందని ఆయనే ఎంచారు. ఫారం ఆయనే నింపారు, ఫొటో ఆయనే అంటించారు. నేను వద్దనలేదు. వద్దనాలంటే ఏదో ఒకటి అనిపించాలి కదా! మొదటిరోజు పెద్ద హాల్లో కొత్త పిల్లలకి స్వాగతసభ. గుమ్మం దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి "పేరెంట్స్ ఆ కడె మేడం" అని వెనక వరసలు చూపించాడు. వెళ్లి పేరెంట్స్‌లో కూర్చున్నాను. పక్కనావిడ మీ అమ్మాయి ఏ గ్రూపండీ అని అడిగితే నాకే సీటొచ్చిందని చెప్పాను. ఆవిడ నవ్వాలో లేదో తెలియక నీళ్లసీసా మూత తిప్పుకుంటూ కూర్చుంది. మామూలుగా అయితే ఇంటికెళ్లి ఈ కథ నాలుగుసార్లు చెప్పుకుని నవ్వేదాన్నే. ఆరోజు చెప్పాలనే తోచలేదు.

క్లాసులో అంతా పద్దెనిమిదేళ్ల పిల్లలు. ముందు ఆంటీ అన్నారు, తర్వాత మేడం అన్నారు, ఏదీ కుదరక కొన్నాళ్లు ఏమీ అనడం మానేశారు. నా పక్కన వచ్చి కూర్చున్నది నగర్తపేట పిల్లే. తాతల కాలంలో రాయలసీమ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. నాన్నకి అక్కడ సందులో నగల డబ్బాలు తయారుచేసే చిన్న కార్ఖానా ఉంది. చేరినరోజే నన్ను "అక్కా" అని ఖాయం చేసేసి, మర్నాడు పొద్దున "తిండి అయిందా అక్కా?" అంది. నాకు చురుక్కుమనాలి నిజానికి. మావైపు తిండి అంటే తిండిపోతు, తిండి దండగ, ఇలాంటి చోట్లే ఎక్కువ వినబడుతుంది. మర్యాదగా అడగాలంటే టిఫిన్ చేశారా, భోజనం చేశారా అంటాం. ఏమిటీ పిల్ల, వట్టిపోయిన గేదెని అడిగినట్టు అడుగుతోంది అనుకుని, "అయింది" అన్నాను. కాలేదు. అయినా రోజూ అడిగేది, రోజూ అయిందనేదాన్ని. అదొక పలకరింపు, అదొక జవాబు.

చదువు బాగానే సాగింది. ఆకలి ఎక్కడ పుడుతుందో, కడుపు మెదడుకి కబురెలా పంపుతుందో మేడం బోర్డు మీద బొమ్మ వేసి చెబితే చక్కగా దించుకున్నాను. వంట ప్రాక్టికల్స్‌లో తూకానికి నాకు సాటి లేదు. ఒక్క రుచి పరీక్షలోనే తేడా వచ్చింది. చిన్న చిన్న కప్పుల్లో పాయసమో సూపో ఇచ్చి మార్కులు వెయ్యమంటారు. ఒకటి వేస్తే అసహ్యమని, తొమ్మిది వేస్తే ప్రాణం లేచొచ్చిందని అర్థం. నడిమధ్య ఐదు, నచ్చనూ లేదు, నచ్చకపోనూ లేదు. నేను అన్నిటికీ ఐదే. నగర్తపేట పిల్ల నా కాగితంలోకి తొంగిచూసి, "అదేమప్పా, పాయసానికీ ఐదు, కాకరకాయ రసానికీ ఐదూనా? నీ నాలుక సంపు మీద ఉండాదా?" అంది. సంపు అంటే కన్నడంలో సమ్మె. క్లాసంతా నవ్వింది. నేను నిజమే రాశాను.

మా డిపార్టుమెంటులో పిల్లల క్లబ్బు ఒకటుంది. దానికి కార్యదర్శి ఆ పిల్లే. ఇల్లూ క్లాసూ తప్ప నాకింకేమీ లేదని కనిపెట్టి, అడగకుండా నా పేరు రాసేసింది. పోస్టర్లు అంటించడం, కుర్చీలు సర్దడం, మైకులో పేర్లు చదవడం, ఏది చెప్తే అది చేశాను. నాకు నచ్చి కాదు, చెప్పేవాళ్లుంటే రోజు గడవడం తేలిక. పొద్దున ఏమీ తినకుండా క్లాసులకి పరిగెత్తే పిల్లలకి బుద్ధి చెప్పడానికని ఒకరోజు క్యాంపస్ గేటు దగ్గర స్టాల్ పెట్టాలనుకున్నారు. ముందురోజు సాయంత్రం ఆ పిల్ల నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "అక్కా, రేపు మన వాలంటీర్లకంతా తిండి నువ్వే తెచ్చేయప్పా." సరేనన్నాను. తెల్లవారకముందే లేచి అన్నం వార్చాను, తోటకూర పప్పు చేశాను, పొట్లకాయ కూర చేశాను, మజ్జిగ చిలికాను. అలవాటైన చేతులు, వాటి పని అవి చేసుకుపోయాయి. పెద్ద గిన్నెలకి మూతలు కట్టి మావారు ఆటోలోకి ఎక్కించారు. ఆయన ఏదో అనబోయి ఆగినట్టు గుర్తు.

క్యాంపస్‌కి వెళ్లి మూతలు విప్పితే పిల్లలందరూ గిన్నెల్లోకీ నా మొహంలోకీ చూశారు. గేటు దగ్గర ఇంకా ఎండ కూడా సరిగా పడలేదు. నగర్తపేట పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో అక్కా! తిండి అంటే ఉప్పిట్టో ఇడ్లీనో అప్పా! ఇది ఊట!" అని, నవ్వు ఆపుకోలేక ఆపుకోలేక చివరికి పడీపడీ నవ్వింది. కన్నడంలో పొద్దున ఫలహారాన్నే తిండి అంటారనీ, పప్పన్నం భోజనమైతే ఊట అంటారనీ, నగర్తపేట తెలుగులోకి అది ఎప్పుడో వచ్చి చేరిపోయిందనీ, రోజూ నన్ను అడుగుతున్నది టిఫిన్ చేశావా అని మర్యాదగానేననీ నాకు అప్పుడు తెలిసింది. సరే, పిల్లలు మంచివాళ్లు. పొద్దుటిపూటే పప్పన్నం ప్లేట్లలో పెట్టించుకుని బెంచీల మీద కూర్చున్నారు. కాసేపటికి ఒకమ్మాయి బ్యాగులోంచి పచ్చడి సీసా తీసింది, పక్కనున్నవాళ్లందరూ చేతులు చాచారు.

నగర్తపేట పిల్లకి దాపరికం తెలియదు. రెండు ముద్దలు తిని ప్లేటు పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"అక్కా, ఉప్పు లేదు."

"తగ్గిందా?"

"తగ్గింది కాదప్పా, లేనే లేదు. కూరలో లేదు, మజ్జిగలోనూ లేదు." నా మొహం చూసి గొంతు తగ్గించింది. "ఎవురికి చేసినావక్కా ఇది?"

"అమ్మకి" అన్నాను. అనాలనుకుని అన్నది కాదు.

"ఓ, మీ అమ్మ ఇంట్లో ఉండాదా? బీపీనా?"

గేటు దగ్గర బస్సు ఆగి పిల్లలు బిలబిలా దిగుతున్నారు. వాళ్లని చూస్తూ, "లేదు. అమ్మ లేదు" అన్నాను.

ఆ పిల్ల ఓదార్చలేదు. క్యాంటీన్ వైపు పరిగెత్తి ఉప్పు పొట్లం తెచ్చి, గిన్నెలో వేసి, అడుగు దాకా గరిటె తిప్పి కలిపి, నిమ్మకాయ పిండి ప్లేటు నా చేతిలో పెట్టింది. "దినామూ తిండి అయిందా అని సుమ్నే, ఊరికే అడుగుతానా నేను? అయిందని నువ్వు అబద్ధం చెప్పేది నాకు తెలుసప్పా. ఈపొద్దు నా ముందర తిను" అంది. మొదటి ముద్దకి నాలుక ఉలిక్కిపడింది. రెండో ముద్దకి జీలకర్ర తెలిసింది, తోటకూర తెలిసింది. మూడో ముద్ద కలుపుతుంటే కడుపులో ఎక్కడో మెలిపెట్టినట్టయింది. ఏమిటా అనుకున్నాను. ఆకలి! ఏడుపు అప్పుడూ రాలేదు, ఆకలి మాత్రం ముంచుకొచ్చింది. సిగ్గువిడిచి మారు వడ్డించమని అడిగి, వేళ్లు నాకుతూ తిన్నాను. స్టాల్‌కి వచ్చిన పిల్లలు, పొద్దున్నే తినడం అంటే ఇలాగా అన్నట్టు నన్ను చూశారు.

ఆ సాయంత్రం ఇంట్లో వంటలో ఉప్పు వేశాను. వేసి రుచి కూడా చూశాను. మావారు ఎప్పటిలాగే కూర్చుని, ఎప్పటిలాగే ఉప్పు గిన్నె దగ్గరికి లాక్కుని, కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నారు. మొహం ముడుచుకుపోయింది. గ్లాసెడు నీళ్లు తాగి నావైపు చూశారు. "వేశావా?" అన్నారు. వేశానన్నాను. అమ్మ పోయాక కూడా ఆ గిన్నె ఆయన కంచం పక్కన నేనే పెడుతూ వచ్చాననీ, ఆయన కిక్కురుమనకుండా కలుపుకుంటూ వచ్చారనీ అప్పుడు నాకు తట్టింది. ఇన్నాళ్లూ ఒక్కమాట చెప్పొచ్చు కదండీ అన్నాను. "ఆవిడకి వండుతున్నావుగా. మధ్యలో నేనెందుకని" అన్నారు. ఆ ఉప్పుకషాయం అన్నం చివరి మెతుకు దాకా తిని, లేచి, ఆ గిన్నెని కడిగి తుడిచి వంటింటి అలమారులో పెట్టేశారు. అప్పుడొచ్చింది ఏడుపు. కడుపునిండా తిన్న మనిషిలా ఏడ్చాను.

ఫోన్‌లో నగర్తపేట పిల్ల ఇంకా "అక్కా, ఉండావా?" అంటోంది. జీలకర్ర ముందు వేయించి చివర్లో వెయ్యమనీ, పొయ్యి కట్టేశాకే నిమ్మరసం పిండమనీ చెప్పాను. ఆ అవ్వ సామెతలు విసిరితే ఓపికగా వినమని కూడా చెప్పాను. కాలం ఎవరి కోసమూ ఆగదంటారు గానీ, మా ఇంట్లో అది చాలా రోజులు భోజనాల బల్ల దగ్గర, ఆ ఉప్పు గిన్నె పక్కనే కూర్చుండిపోయింది. తిండి అయిందా అని ఒకరు విడవకుండా అడిగాక గానీ లేవలేదు.